మా వారిని అడిగి చెప్తాను

ఇరవై రెండేళ్ల కాపురంలో ధాత్రి తన మొగుణ్ణి ఏ విషయమూ అడిగిన పాపాన పోలేదు. అడిగి చెప్తానని మాత్రం ఊరందరికీ చెప్పింది.

"మా వారిని అడిగి చెప్తానండీ." ఈ ఒక్క మాటతో ఆవిడ కెనడాలో ఇన్నేళ్లు నెగ్గుకొచ్చింది. చీటీ వెయ్యమని వచ్చినవాళ్లు, పాలసీ అంటగట్టబోయినవాళ్లు, లాంగ్ వీకెండ్‌కి నాలుగు కుటుంబాలూ ఒకే కాటేజీలో సర్దుకుందామని ఉబలాటపడ్డవాళ్లు, తెలుగు సంఘం ఉగాదికి రెండు వందల మందికి పులిహోర కలపమన్నవాళ్లు, అందరూ ఆ మాట దగ్గర ఆగిపోయేవారు. రెండు రోజులాగి "ఆయన వద్దన్నారండీ, ఏమనుకోకండి" అని ఒక మెసేజ్ వెళ్లేది. పామూ చావదు, కర్రా విరగదు. ఎదుటివాళ్లకు తన మీద కోపం రాదు.

కోపమంతా ఆ 'ఆయన' మీదికి పోయేది. ఆ ఆయన పేరు మహీధర్. ఇంట్లో కూర్చుని ఏదో బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాసుకునే మనిషి, కూరలో ఉప్పు మరిచిపోయినా కలుపుకుని తినేసే రకం. ఇల్లు ఎక్కడ కొనాలో, పిల్లని ఏ బడిలో వెయ్యాలో, చివరికి అతను ఏ రంగు చొక్కా తొడుక్కోవాలో కూడా ధాత్రే తేల్చేది. అయినా బర్నబీ తెలుగువాళ్లలో మహీధర్‌కి పెళ్లాన్ని నోరెత్తనివ్వడనీ, ఎంగిలి చేత్తో కాకిని తోలడనీ పేరు. పాపం, ఆ పేరు సంపాదించడానికి అతను చేసిన కృషి ఏమీ లేదు.

కొండమీద యూనివర్సిటీలో చదువుతున్న కూతురు ఇషితకి తల్లి పద్ధతి చూస్తే ఒళ్లు మండేది.

"మామ్, జస్ట్ సే నో. ఇట్స్ నాట్ దట్ హార్డ్."

"మొహం మీద వద్దంటే నొచ్చుకుంటారే."

"సో దే హేట్ డాడ్ ఇన్‌స్టెడ్?"

ధాత్రి వంటింట్లోకి వెళ్లి ఏదో ఒక డబ్బా సర్దేది.

ఇక కారు సంగతి. ధాత్రి ఇన్నేళ్లలో తనకోసం గట్టిగా కోరుకున్నది ఏదైనా ఉందంటే అది కారే. మామూలు కారు కాదు, గేర్లు చేత్తో మార్చే కారు, అందులోనూ తొక్కితే భూమి వెనక్కి పరిగెత్తే కారు. నలభై ఎనిమిదేళ్ల ఆడమనిషికి ఇదేం పిచ్చి అనుకునేవాళ్లు అనుకోవచ్చు. కాకినాడలో వాళ్ల బాబాయికి డ్రైవింగ్ స్కూలు ఉండేది. రెండు జతల పెడళ్లున్న మారుతీ ఎనిమిది వందల కారులో, పందొమ్మిదేళ్లప్పుడు, పక్క సీట్లో కూర్చుని ధాత్రి ఊళ్లో ఆడవాళ్లకి డ్రైవింగ్ నేర్పేది. లెక్చరరమ్మలు, డాక్టరమ్మలు, ఒకసారి ఒక మహిళా ఎస్సై కూడా. తనకన్నా ఇరవయ్యేళ్లు పెద్దవాళ్లు తను "ఆపండి" అంటే ఆపేవారు, "పోనివ్వండి" అంటే పోనిచ్చేవారు. ఎవరి పేరూ చెప్పకుండా తన నోటితో తను మాట్లాడిన రోజులు అవే.

పెళ్లయి ఇక్కడికొచ్చాక ఏడుగురు పట్టే వ్యాను. ఆటోమేటిక్. కుడికాలికి పని, ఎడమకాలికి పెన్షన్. ఆసుపత్రి లేబొరేటరీలో ఉద్యోగం, పిల్ల స్విమ్మింగ్ క్లాసు, కూరగాయలు, మళ్లీ ఆసుపత్రి. ఇన్నేళ్లూ ఆ వ్యానే తోలింది. ఇషిత చేతికందాక, ఓవర్‌టైమ్ షిఫ్టుల డబ్బు విడిగా దాచుకుని, ఈసారి కొనేది మాత్రం నాకోసం కొంటానని తనలో తను అనుకుంది. మహీధర్‌తో "ఒక కారు చూస్తున్నా" అంది. అతను "ఊఁ" అన్నాడు. ఎలాంటి కారో, ఎందుకు కావాలో చెప్పలేదు. చెప్పాల్సిన అలవాటు ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

కింగ్స్‌వే రోడ్డు మీద పన్నెండు కార్లు పట్టే చిన్న స్థలంలో ప్రణేష్ వాడిన కార్లు అమ్ముతాడు. నలభయ్యేళ్లుంటాయి, మెత్తని మనిషి. ఫిజీలో బా అనే ఊళ్లో పుట్టాడు. ముత్తాత చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్లిన తెలుగువాడట. పెంచిన అవ్వ పోయాక ఇంట్లో తెలుగూ పోయింది. 'రా', 'పో', 'అన్నం', 'అయ్యో' లాంటి నాలుగు ముక్కలు మిగిలాయి. మిగతాదంతా ఇంగ్లీషే.

అతని దగ్గర ధాత్రి కంటపడ్డవి రెండు కార్లు. ఒకటి నీలం రంగు బీఎండబ్ల్యూ ఎం5, రెండువేల పదమూడు మోడల్. ఆరు గేర్లు, మూడు పెడళ్లు. ఇలాంటివి అసలే తక్కువ తయారయ్యాయనీ, దొరకడమే గగనమనీ ప్రణేష్ చెప్పాడు. పైకి చూస్తే ఏ ఆఫీసు మేనేజరు కారో అనిపిస్తుంది, బానెట్ కింద మాత్రం అయిదు వందల అరవై గుర్రాల బలం. రెండోది తెల్ల బెంజి, ఈ63. మూడేళ్లు కొత్తది, గుర్రాలు ఇంకాస్త ఎక్కువే, నాలుగు చక్రాలకూ ఊపు అందుతుంది, గేర్ల సంగతి అదే చూసుకుంటుంది. ముందు భాగంలో ఆ మూడు కొమ్మల నక్షత్రం, చంటిపిల్లాడు కూడా గుర్తుపట్టేది.

శుక్రవారం మధ్యాహ్నం వానలో రెండూ నడిపి చూసింది. ముందు బెంజి. కొండమీదికి వెళ్లే గాగ్లార్డీ వే మీద అది ఎక్కడా జారకుండా, ఎక్కడా అదరకుండా, చెప్పిన మాట విని పైకి పోయింది. సీటు వెన్నుని కౌగిలించుకున్నట్టుగా ఉంది. వంక పెట్టడానికి ఏమీ లేదు.

తర్వాత నీలంది. మొదటి సిగ్నల్ దగ్గరే ఆగిపోయింది. క్లచ్ తొందరగా వదిలేసింది మరి. వెనక కారువాడు హారన్ కొట్టాడు. పక్కన ప్రణేష్ సీటుబెల్టు సర్దుకున్నాడు. రెండో సిగ్నల్ దగ్గర బాగానే కదిలింది. కొండ ఎక్కే మలుపులో మూడో గేరు నుంచి రెండుకి దించి, ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కేసరికి ఇంజను గొంతు విప్పింది. ధాత్రికి నవ్వొచ్చింది. చూసేవాళ్లకోసం నవ్వే నవ్వు కాదు, కడుపులోంచి పుట్టిన నవ్వు. పైన పార్కింగ్‌లో ఆపి రెండు నిమిషాలు స్టీరింగ్ వదలకుండా కూర్చుంది.

దిగి వచ్చేటప్పుడు ఎడమ మోకాలు కలుక్కుమంది. హైవే ట్రాఫిక్‌లో రోజూ క్లచ్ తొక్కాలి. జనవరిలో మంచు పడుతుంది. మనసు నీలం వైపు, మోకాలు తెలుపు వైపు. ఒక్క రాత్రి ఆలోచించుకుందామనుకుంది. రెండింటిలో ఏదో ఒకటి తీసుకుంటానని డిపాజిట్ కట్టింది. ఫారంలో తన నంబరు రాసి, రెండో నంబరు అడిగిన చోట మహీధర్‌ది రాసింది.

"నీలం దానికి కెలోనా నుంచి ఒకాయన రేపు వస్తానంటున్నాడు మేడమ్," అన్నాడు ప్రణేష్. "మీరు ఇప్పుడే చెప్పేస్తే మంచిది." ఆ తర్వాత సిగ్గుపడుతూ, "వెళ్లేముందు రెండు ముక్కలు తెలుగులో మాట్లాడండి మేడమ్. మా అవ్వ పోయాక మళ్లీ వినలేదు," అన్నాడు.

ఏం మాట్లాడాలి? తొందరపెట్టేవాడు ఎదురుగా ఉన్నాడు, నోటికి అలవాటైన మాట నోట్లోనే ఉంది. "మా వారిని అడిగి చెప్తాను," అంది నవ్వుతూ.

ప్రణేష్ మొహం వెలిగిపోయింది. "మా వారు! ఆ మాట నాకు గుర్తుంది. అవ్వ కూడా తాతని అలాగే అనేది. పేరు పెట్టి పిలిచేది కాదు. తాత సరే అంటే తప్ప గుడికి కూడా వెళ్లేది కాదు. అర్థమైంది మేడమ్, అర్థమైంది."

అతనికి అర్థమైంది నూరేళ్ల కిందట ఓడెక్కి వెళ్లిన మాట. అక్కడ అది అరగలేదు, అలాగే ఉండిపోయింది. ధాత్రి నోట్లో అరిగి అరిగి, తలుపు మూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాకుండా పోయింది. ఆ తేడా ఆవిడకి ఆ క్షణాన తట్టలేదు.

శనివారం పొద్దున నిద్ర లేస్తూనే తేల్చేసుకుంది. నీలందే. మోకాలికి పట్టీ కట్టుకుంటుంది, అంతే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటే అననీ. ప్రణేష్‌కి ఫోన్ చేస్తే ఇంకా షాపు తెరవలేదు. భోజనం వేళ చేద్దాంలే అనుకుని షిఫ్టుకి వెళ్లింది. లేబొరేటరీలోకి ఫోన్ తీసుకెళ్లకూడదు, లాకర్లో పెట్టాలి. ఆ రోజు ఇద్దరు సెలవు పెట్టారు, ఒక మెషిన్ మొరాయించింది. భోజనం వేళ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలియలేదు.

నాలుగింటికి లాకరు తెరిచి ఫోన్ చూస్తే ప్రణేష్ నుంచి మూడు మిస్‌డ్ కాల్స్. వాటిమీద తెలుగు సంఘం గ్రూపులో డెబ్భై రెండు మెసేజ్‌లు. 'మహీధర్ గారికి శుభాకాంక్షలు', 'బెంజి పార్టీ ఎప్పుడు', 'ఎట్టకేలకు మహీధర్ గారు జేబులో చెయ్యి పెట్టారు', చప్పట్లు, లడ్డూలు, ఎర్రని గుండెలు. ధాత్రి లాకరు తలుపు పట్టుకునే ప్రణేష్‌కి ఫోన్ చేసింది.

"కెలోనా ఆయన మధ్యాహ్నం ఒంటిగంటకే వచ్చేశాడు మేడమ్. మీకు మూడుసార్లు చేశాను. మీరు మీ వారిని అడగాలన్నారు కదా, అందుకని నేనే ఆయన్ని అడిగాను. ఆయన బెంజి అన్నారు. కాగితాలు పంపిస్తే ఫోన్లోనే సంతకం కూడా పెట్టేశారు. చాలా మర్యాదస్తులు."

"నీలంది?"

"వెళ్లిపోయింది మేడమ్. ఇప్పటికి హోప్ ఊరు దాటి ఉంటుంది."

అతన్ని తిట్టడానికీ లేదు. తను చెప్పిందే అతను చేశాడు.

ఇంటికి వచ్చేసరికి మహీధర్ గుమ్మంలోనే ఉన్నాడు. అంత ఉషారుగా అతన్ని చూసి ఎన్నాళ్లయిందో. శనివారం మధ్యాహ్నాలు జనార్ధనరావు గారింట్లో పేకాట. జనార్ధనరావు గారు రిటైరైన ఇంజనీరు, సంఘానికి పెద్దదిక్కు; జానకమ్మ గారు ఆయన భార్య. ప్రణేష్ ఫోన్ చేసినప్పుడు చేతిలో ముక్కలుండడంతో మహీధర్ ఫోన్ స్పీకర్లో పెట్టాడట.

"ఆ కార్లాయన ఏమన్నడో తెలుసా? 'సార్, మేడమ్ నిర్ణయం మీకే వదిలేశారు, నీలం బీఎండబ్ల్యూనా, తెల్ల బెంజా' అన్నడు. టేబుల్ చుట్టూ అందరూ ఒకటే అరుపు, బెంజి బెంజి అని! జానకమ్మ గారు వంటింట్లోంచి ఉరికొచ్చింది. రేపు పొద్దున కారు దగ్గరికి కొబ్బరికాయ, నిమ్మకాయలు తీసుకొస్తరంట."

"నాకు కావాల్సింది నీలంది," అంది ధాత్రి.

మహీధర్ మొహంలో వెలుగు తగ్గింది. "మరి నన్నెందుకు అడగమన్నవ్?"

"అడగమనలేదు. ఊరికే అన్నాను. ఎప్పుడూ అనేదే కదా."

"ఎప్పుడూ అనేదే," అన్నాడతను మెల్లగా. సోఫాలో కూర్చున్నాడు. "నాకు తెల్వదనుకున్నవా ధాత్రీ? చీటీ నేను వద్దన్నట్టు నాకు చీటీ రమణ చెప్తే తెలిసింది. కాటేజీ నేను వద్దన్నట్టు పార్కింగ్‌లో ఎవరో మొహం తిప్పుకుంటే తెలిసింది. పోనీలే, ఇంట్ల ప్రశాంతంగా ఉంటే చాలనుకున్న. ఇయ్యాల ఫోన్ వచ్చినప్పుడు ఇరవై రెండేళ్లకి నన్ను నిజంగా ఒక మాట అడిగిందనుకున్న. నీ సొంత డబ్బుతో, నీ సొంత కారు, ఏది బాగుంటదో నన్ను అడిగిందని..." సోఫా దిండు సరిచేశాడు. "మంచిదే చెప్పిన అనుకున్న. మోకాలు నొప్పి అంటవ్ కదా నువ్వు."

ధాత్రికి కళ్లనిండా నీళ్లొచ్చాయి. కారు పోయినందుకో, ఎదుటి మనిషిని ఇన్నేళ్లు గోడలా వాడుకున్నందుకో విడదీసి చెప్పలేకపోయింది. క్షమాపణ చెప్పాలని ఉంది, అరవాలని కూడా ఉంది. మింగలేక కక్కలేక గదిలోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి వాళ్లిద్దరూ అన్నం తిన్నారు, గిన్నెలు కడిగారు, ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆదివారం పది గంటలకి వాన తెరిపిచ్చింది. ప్రణేష్ బెంజిని కడిగి, అద్దానికి ఎర్ర రిబ్బన్ కట్టి బయట నిలబెట్టాడు. జనార్ధనరావు గారు కోటు వేసుకొచ్చారు. జానకమ్మ గారు పళ్లెంలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు సర్దుకొచ్చారు. ఇన్సూరెన్స్ వాళ్లకి పంపే కాగితాలు ఆఫీసు గదిలో బల్లమీద సిద్ధంగా ఉన్నాయి.

"ముందు నువ్వు కూర్చో అమ్మా, అలా అలవాటు చేసుకో," అన్నారు జానకమ్మ గారు.

ధాత్రి కూర్చుంది. తోలు సీటు, చెక్క సింగారం, మీట నొక్కగానే మర్యాదగా మేలుకున్న ఇంజను. తన ఎడమకాలు తెలియకుండానే ముందుకు జరిగి పెడల్ కోసం వెతికి, ఖాళీ నేలకి తగిలి ఆగిపోయింది. ఇంక పదేళ్లపాటు రోజూ ఇలాగే వెతుకుతుందని ఆవిడకి ఖాయంగా తెలిసిపోయింది. పదేళ్లయ్యాక తనకి యాభై ఎనిమిది. ఇంజను ఆపి దిగింది. ఆఫీసు గదిలోకి నడిచింది. మిగతావాళ్లు అర్థంకాక వెనకే వచ్చారు.

"నాకీ కారు వద్దు," అంది. తెలుగులో ఒకసారి, ప్రణేష్ కోసం ఇంగ్లీషులో ఒకసారి. "డిపాజిట్ పోయినా ఫరవాలేదు. నాకు వద్దు."

ప్రణేష్ సొరుగులోంచి రద్దు కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాడు. చెప్పేశాక ఆవిడకి ఒళ్లు తేలికైంది. ఇన్నేళ్లకి ఎవరి పేరూ అడ్డం పెట్టుకోకుండా, ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ వద్దనగలిగింది. అందరూ ఆవిడ వైపు చూస్తారనుకుంది. వాళ్లు చూసింది మహీధర్ వైపు.

"ఏమయ్యా," అన్నారు జనార్ధనరావు గారు. "నిన్న నలుగురిలో డాబుగా సరే అనేసి, ఇంటికెళ్లాక డబ్బు గుర్తొచ్చిందా? రాత్రంతా ఆ పిల్ల మీద ఎగిరావా?"

"ఆయన కాదండీ. నేనే వద్దంటున్నాను," అంది ధాత్రి. "ఆయనకేం సంబంధం లేదు."

"అలాగే అంటావులే తల్లీ." జానకమ్మ గారు పళ్లెం బల్లమీద పెట్టి ధాత్రి చెయ్యి పట్టుకున్నారు. "మేం చూడ్డం లేదూ? చీటీకి వద్దన్నాడు, కాటేజీకి వద్దన్నాడు, ఉగాది వంటకి కూడా పంపించలేదు. ఇవాళ ముచ్చటపడి కారు దాకా వస్తే అదీ వద్దన్నాడు. నిందంతా నీ మీద వేసుకుంటున్నావు. ఏడ్చిన కళ్లు దాచుకుంటే దాగుతాయా?"

"అయ్యో, అది కాదు ఆంటీ! ఆ చీటీకి వద్దన్నదీ నేనే. కాటేజీకి వద్దన్నదీ నేనే. పులిహోర నేనే కలపనన్నాను. ఆయన్ని నేను ఎన్నడూ అడగనేలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. అన్నీ అబద్ధాలు చెప్పాను మీకు." గొంతు పెద్దదైంది. "నమ్మండి. దయచేసి నమ్మండి."

జానకమ్మ గారు పైటచెంగుతో కళ్లు ఒత్తుకున్నారు. "చూశారా అండీ? ఇంత జరిగినా మొగుణ్ణి ఒక్క మాట పడనివ్వదు. ఈ రోజుల్లో ఎక్కడుంటారు ఇలాంటి ఆడపిల్లలు?" జనార్ధనరావు గారు మహీధర్ వైపు అసహ్యంగా చూసి తల తిప్పుకున్నారు.

ధాత్రి మహీధర్ వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి. నేనేనని చెప్పండి."

ఇన్నేళ్లలో ఆవిడ అతన్ని నిజంగా అడిగింది అదొక్కటే. మహీధర్ ఆవిడ మొహంలోకి చూశాడు. అతని కళ్లలో జాలి లేదు, కోపమూ లేదు. తన పేరు మీద ఇంతకాలం జరిగిపోయిన పనిని ఇవాళ సొంతంగా చేతిలోకి తీసుకుంటున్న మనిషిలా ఉన్నాడు.

"అవునండీ," అన్నాడు జనార్ధనరావు గారితో. "నేనే వద్దన్న."

మహీధర్ అదే మాట ప్రణేష్‌కి ఇంగ్లీషులో కూడా చెప్పాడు. ప్రణేష్ రద్దు కాగితం ధాత్రి ముందునుంచి తీసి, అటువైపు తిప్పి, మహీధర్ ముందుకి జరిపాడు. ఎక్కడ సంతకం పెట్టాలని అడిగాడు మహీధర్. ప్రణేష్ వేలితో చూపించాడు.